ఇనోకె గారి కార్నెట్

లోతోఫాలా, వవావు దీవి
మార్చి 12, 1984

గౌరవనీయులైన కలోలైనె వదినగారికి,

మీరు విమానం దిగి క్షేమంగా ఇల్లు చేరారని పోస్టాఫీసుకు కబురు వచ్చింది. దేవుడికి వందనాలు. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మామగారు పోయిన నెలంతా వచ్చేపోయే జనంతో ఉండి, ఒక్కసారిగా మేం ఇద్దరమే మిగిలేసరికి ఎవరి గొంతు వాళ్ళకే పెద్దగా వినిపిస్తోంది.

ఒక చెడ్డ కబురు రాయాలి. మామగారు బ్యాండులో ఊదిన ఇత్తడి బాకా, ఆ కార్నెట్ పోయింది.

సంతాపం రోజులు అయ్యాయి కదా అని మొన్న శనివారం బ్యాండు వాళ్ళు మొదటిసారి సాధనకు కూడారు. మీ తమ్ముడు మంచం కింద నుంచి పెట్టె తీసుకుని చర్చి పక్క షెడ్డుకి వెళ్ళారు. అందరి ముందూ తెరిస్తే ఎర్ర గుడ్డా, నూనె సీసా మాత్రమే ఉన్నాయట. ఊదేవాళ్ళంతా ముందు నవ్వారు, బ్యాండు మాస్టారే కార్నెట్ ఇంట్లో మరిచి పెట్టె తెచ్చుకున్నారని. ఆయన నవ్వకపోయేసరికి ఊరుకున్నారు.

కానిస్టేబులు వచ్చి ఇల్లంతా చూశాడు. "పెట్టె గొళ్ళేలు రెండూ వేసే ఉన్నాయా? దొంగ మర్యాద తెలిసినవాడే" అన్నాడు. తర్వాత కార్నెట్ మీది నంబరు అడిగాడు.

"నంబరు ఎవరు చూశారు? కింద అంచు మీద సొట్ట ఉంటుంది. నాలుగేళ్ళప్పుడు నేనే మెట్ల మీంచి పడేశాను" అన్నారు మీ తమ్ముడు.

"సొట్ట రాసుకోమంటారా?"

"రాసుకోండి."

రాసుకున్నాడు. ఇలాంటివి ఆక్లాండ్‌లో పాత సామాన్ల కొట్లకు చేరతాయట. మీరు అటువైపు వెళ్ళినప్పుడు చూడమని మీ తమ్ముడు చెప్పమన్నారు. ఆయనే రాద్దామని కూర్చున్నారు గానీ, అక్కకు రాసే మొదటి ఉత్తరంలో దొంగతనం గురించి రాయడం బాగుండదని కలం నాకిచ్చేశారు.

మీరు తీసుకెళ్ళిన చాపల చుట్ట జాగ్రత్తగా చేరిందా? నేను కట్టిన తాడు ఊడలేదు కదా.

మీ మరదలు,
వీకా


ఒటాహుహు, ఆక్లాండ్
మార్చి 28

వీకా,

నీ ఉత్తరం అందింది. చాపలు చేరాయి. విమానాశ్రయంలో పురుగులున్నాయేమోనని చుట్ట విప్పించారు. నీ తాడు ముడి విప్పలేక ఆ అధికారి కత్తి తెచ్చుకున్నాడు.

కార్నెట్ సంగతి చదివి బాధపడ్డాను. అయినా అది నలభై ఏళ్ళ వస్తువు. దానికోసం పోలీసులను ఇంట్లోకి రానివ్వడం ఎందుకు? నాన్న ఉండగా ఆ గుమ్మం ఒక్క కానిస్టేబులు కూడా తొక్కలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమను. ఇక్కడ కొత్తవి దొరుకుతాయి. వచ్చే నెలలో ఒకటి కొని ఓడలో పంపిస్తాను.

లాండ్రీలో పని మామూలే. ఈ వారమంతా హోటలు దుప్పట్లు మడతపెట్టాను. చలి మొదలవుతోంది. జుట్టు ఇంకా పెరగలేదు. అంత్యక్రియలకు కత్తిరించుకున్నామని చెబితే ఇక్కడివాళ్ళకు అర్థం కాదు, జబ్బు చేసిందా అని అడుగుతున్నారు. అవునంటున్నాను.

కలోలైనె


లోతోఫాలా
ఏప్రిల్ 23

వదినగారికి,

మీ మాట చెప్పాను. "అక్క కొత్తది పంపుతానన్నందుకు నమస్కారం చెప్పు. నాన్నది దొరికేదాకా ఇంకోటి నోట పెట్టుకోను" అన్నారు. బ్యాండును కర్ర ఊపి నడిపిస్తున్నారు గానీ ఊదడం లేదు. ఈస్టర్ నాడు ముందు వరస నుంచి రావలసిన పాట రాక, చర్చిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఊళ్ళో ఒక పేరు బయటికి వచ్చింది. ఫిలిమోనె.

మీకు గుర్తుండే ఉంటాడు. మామగారి పక్కనే నిలబడి రెండో కార్నెట్ ఊదేవాడు. ఎవరిదో పందిని కోసుకుతిని ఆరు నెలలు జైలుకి వెళ్ళాడు కదా, అప్పుడు బ్యాండులోంచి తీసేశారు. తిరిగొచ్చాక మళ్ళీ చేర్చుకోమని రెండుసార్లు అడిగాడు. మామగారి సమాధి దగ్గర ఒక్క పాట ఊదనివ్వమన్నా బ్యాండు కమిటీ ఒప్పుకోలేదు. అందుకని కసి పెట్టుకున్నాడంటున్నారు. పైగా మీరు బయల్దేరిన ఉదయం మన ఇంట్లోకి వచ్చిన బయటివాడు అతనొక్కడే. మీ సామాన్లు లారీలోకి చేరవేసింది అతనే.

చాపలల్లే పాకలో ఆడవాళ్ళు ఇదే మాట్లాడుకుంటున్నారు. "పంది అయితే తినేశాడు, ఇత్తడిని ఏం చేసుకుంటాడే?" అని ఒకామె అంటే, "ఊదుకుంటాడు. పొలంలోకి పోయి ఒక్కడే ఊదుకుంటాడు" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. అతని భార్య ఆనా అక్కడే కూర్చుని ఉంది. తల ఎత్తకుండా అల్లిక చుట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రావడం లేదు.

మీ తమ్ముడు అతన్ని పిలిపించి నా ఎదుటే అడిగారు.

"ఆ రోజు మా గదిలోకి వెళ్ళావా?"

"వెళ్ళాను. సామాన్లు అక్కడే ఉన్నాయిగా."

"మంచం కింద పెట్టె చూశావా?"

"చూశాను. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

"ఏం తీసుకెళ్ళావు?"

"మీ అక్కగారి సామాన్లే మోశాను సెమిసీ. ఇంకేం మోయలేదు. బైబిల్ తెప్పించు, చెయ్యేసి చెబుతాను."

బైబిల్ తెప్పించలేదు. పంపించేశారు. పోయిన ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు ఫిలిమోనెకు మనసు మారాలని పేరు పెట్టి ప్రార్థించారు. అతను అక్కడే, వెనక వరసలో ఉన్నాడు.

వదినగారూ, పోయే ముందు మామగారే ఎప్పుడైనా దాన్ని ఎవరికైనా ఇచ్చారేమో, మీతో ఏమైనా అన్నారేమో, ఒకసారి గుర్తు తెచ్చుకుంటారా?

వీకా


ఒటాహుహు
మే 12

వీకా,

నాన్న నాతో ఏమీ అనలేదు. నాన్న నాతో ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు.

ఫిలిమోనె తీయలేదు. సెమిసితో ఈ మాట చెప్పు. అక్క చెప్పిందని చెప్పు. వాడు చిన్నప్పుడు మా పెరట్లో అరటిపళ్ళు కోసుకున్నా ముందు వచ్చి అడిగి కోసేవాడు. ఆ పంది సంగతి వేరు, అది ఆకలి. పాస్టరు గారికి కూడా చెప్పండి, పేర్లు పెట్టి ప్రార్థనలు మానమని.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ నన్నేదో అడుగుతున్నట్టు రాస్తున్నావు. తమ్ముడి భార్యవు. ఏం అడగాలో ఏం అడగకూడదో నీకు నేర్పే పని నాకు పెట్టకు.

కొత్త కార్నెట్ చూశాను. మెరుస్తూ బాగుంది. కొనలేదు.

కలోలైనె


లోతోఫాలా
జూన్ 10

వదినగారికి,

మీ ఉత్తరం చేరేలోపు జరగకూడనిది జరిగింది.

మే నెలాఖరులో రాజధాని నుకుఅలోఫా నుంచి ఓడ వచ్చింది. సరుకులు దించుకోవడానికి ఊరివాళ్ళంతా రేవులో ఉన్నారు. ఫిలిమోనె ఒక గోనెసంచి భుజాన వేసుకుని ఓడ ఎక్కబోతున్నాడు. ఎవరో "అదిగో, అమ్ముకోడానికి తీసుకెళ్తున్నాడు" అన్నారట. మీ తమ్ముడు వెళ్ళి సంచి పట్టుకున్నారు. అతను వదల్లేదు. సంచిలో ఉన్నవి అతని తల్లికి తీసుకెళ్ళే చేమదుంపలు. అవి నేల మీద దొర్లేసరికి ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని మీ తమ్ముడు కొట్టారు. పిడికిలితో, నోటి మీద. పై వరస ముందు పళ్ళు రెండు పోయాయి.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. అతను తిరిగి కొట్టలేదు. వంగి దుంపలు ఏరుకున్నాడు. ఒక పన్ను ఇసకలో దొరికింది, అదీ జేబులో వేసుకున్నాడు. ఓడ ఎక్కలేదు.

మీ తండ్రి ఇంట్లో పుట్టినవారు మీరు, నేను చెప్పనక్కర్లేదు. ముందు పళ్ళు లేనివాడు ఇక బాకా ఊదలేడు.

మీ తమ్ముడు ఇంటికి వచ్చి చెయ్యి కడుక్కున్నారు. వేళ్ళ మీద తోలు లేచిపోయింది. భోజనం చెయ్యలేదు. "దొంగకి అంతే" అని రెండుసార్లు అన్నారు. ఎవరూ అడక్కుండానే అన్నారు.

ఇప్పుడు నేను రాసేది చదివి నన్ను మీ ఇంటి మనిషి కాదనుకున్నా ఫరవాలేదు. ఆ చాపల చుట్ట కట్టింది నేను. మధ్యలో గట్టిగా, గుండ్రంగా తగిలింది. గిన్నె అనుకున్నాను. శనివారం పెట్టె ఖాళీగా కనబడ్డప్పుడు గిన్నె కాదని నా చేతులకు తెలిసింది. మూడు నెలలుగా తెలుసు. మీరు మా ఇంటికి అందరికంటే పెద్ద. ఏది కావాలంటే అది తీసుకునే హక్కున్న ఆడపడుచు. మీ మీద వేలెత్తడం నా వల్ల కాలేదు. మీరే చెబుతారని ప్రతి ఉత్తరంలోనూ తలుపు కొంచెం తెరిచిపెట్టాను. నేనొక్క మాట ముందే అని ఉంటే ఆ మనిషి నోట్లో పళ్ళుండేవి.

మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. మీ జవాబు కోసం చూస్తున్నాను. ఎక్కువ రోజులు చూడలేను.

వీకా


ఒటాహుహు
జూన్ 24

వీకా,

నేనే తీశాను.

నీ ఉత్తరం చదివి ఆ రోజు పనికి వెళ్ళలేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి.

నాన్న పోయినప్పుడు నేనెక్కడున్నానో నీకు తెలుసు. శవం తల దగ్గర మేనత్త కూర్చుంది, అది ఆమె స్థానం. మంచి చాపలు, దుప్పట్లు ఎవరికి వెళ్ళాలో ఆమే పంచింది. కూతుర్ని గనుక నేను జుట్టు కత్తిరించుకుని, మోకాళ్ళు దాటే చిరుగుల చాప కట్టుకుని, వెనక పొయ్యిల దగ్గర దుంపలు కాల్చాను. అది మన పద్ధతి, తప్పుపట్టను. శవపేటిక మూసేటప్పుడు నేను పొగలో ఉన్నాను. ముఖం చూడలేదు. నేల సెమిసిది, ఇల్లు సెమిసిది. అదీ చట్టం. ఊరందరికీ నేను పెద్ద ఆడపడుచునే. సెమిసికి పిల్లలు పుడితే వాళ్ళు నా ముందు తలవంచుతారు. నాన్న దగ్గర మాత్రం నాకేమీ లేదు.

బయల్దేరే ముందు రోజు కార్నెట్ పెట్టె తెరిచాను. ఊరికే చూద్దామని. నోటికి ఆనించే ముక్క ఉంటుంది కదా, అదొక్కటే తీసుకుందామనుకున్నాను. నాన్న పెదవి రోజూ తాకిన వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. నలభై ఏళ్ళుగా బిగుసుకుపోయింది. బట్టతో పట్టి తిప్పాను, పళ్ళతో కూడా ప్రయత్నించాను. రాలేదు. బయట నీ అడుగుల చప్పుడైంది. మొత్తం చుట్టలో పెట్టేశాను. గొళ్ళేలు వేశాను.

మర్నాడు ఫిలిమోనె చుట్ట ఎత్తుకుంటూ "బరువుగా ఉంది అక్కా" అన్నాడు. చాపలు తడిశాయన్నాను.

ఆక్లాండ్‌లో అధికారి చుట్ట విప్పి, "ఇది మీదేనా?" అని అడిగాడు. "నాదే" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అన్నందుకు సంతోషపడ్డాను. దిగగానే సెమిసికి రాద్దామనే అనుకున్నాను. నాన్నది గనుక హక్కుందనుకున్నాను. కానీ అది నాన్నది కాదు. ఊరంతా కొబ్బరి ఎండబెట్టి అమ్మి కొన్న బ్యాండులో ఒక బాకా అది. నా హక్కు తమ్ముడి ఇంటి గడప దాకానే. నీ మొదటి ఉత్తరంలో పోలీసులని చూశాక సిగ్గేసింది. రెండోదాంట్లో ఫిలిమోనె పేరు చూశాక భయమేసింది. ఆ భయంలోనే నీ మీద కోపంగా రాశాను.

సెమిసికి ఈ ఉత్తరం చదివి వినిపించు. దాచకు.

కలోలైనె


లోతోఫాలా
జులై 9

వదినగారికి,

చదివి వినిపించాను. మీ తమ్ముడు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక లేచి పొలానికి వెళ్ళిపోయి పొద్దుగూకే దాకా దుంపలు తవ్వారు. మాకక్కర్లేనన్ని తవ్వారు.

మీ మీద ఒక్క మాట అనలేదు. అనరని మీకూ తెలుసు. రెండు రోజుల తర్వాత నాతో అన్నారు: "అక్క పేరు బయటికి రాకూడదు. పాత సామాన్ల కొట్లో దొరికిందని చెబుదాం. ఓడలో పంపించమని రాయి."

"మరి ఆ కొట్టుకి ఎవరు చేర్చారంటారు?" అన్నాను.

"ఎవరో. ఓడ వాళ్ళు."

"ఓడ వాళ్ళకి ఎవరిచ్చారంటారు? ఫిలిమోనె అనే అంటారు. అప్పుడు రుజువు కూడా దొరికినట్టవుతుంది."

"అయితే ఏం చెయ్యమంటావు? అక్కని ఊరి ముందు నిలబెట్టమంటావా?" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా చెయ్యి సంగతేం చెయ్యను?" అన్నారు తర్వాత. అది నన్ను అడగలేదు.

ఆయన చెప్పమన్నది చెప్పాను. నేననుకున్నదీ చెప్పాను. ఏది చెయ్యాలో మీరే నిర్ణయించాలి. నుకుఅలోఫాలో మా చెల్లెలికి కవలలు పుట్టారు, సాయానికి వెళ్తున్నాను. సెప్టెంబరు దాకా అక్కడే ఉంటాను.

వీకా


ఒటాహుహు
జులై 23

వీకా,

ఆగస్టు 14న విమానానికి వస్తున్నాను. కార్నెట్ చేతిలో పట్టుకునే వస్తాను, చుట్టలో కాదు. ఇంట్లో ఉన్నవాటిలో బాగా పాతబడ్డ చాప ఎక్కడుందో సెమిసికి చెప్పి ఉంచు. ఎందుకని అడిగితే వాడికే తెలుస్తుందను.

నువ్వు ఊళ్ళో ఉండవని బాధగా ఉంది, కొంత నయమనిపిస్తోంది కూడా.

కలోలైనె


లోతోఫాలా
ఆగస్టు 20

ప్రియమైన వీకా,

నీ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. కవలలు పాలు బాగా తాగుతున్నారా?

నిన్న ఆదివారం చర్చిలో చెప్పాను. అది తేలిక, అందుకే ముందు రాస్తున్నాను. పాస్టరు గారు "ఒక సోదరి పొరపాటు" అని మొదలుపెడితే ఆపి, నేనే లేచి చెప్పాను. కార్నెట్ నేను తీశాను, ఫిలిమోనె తీయలేదు, ఇక్కడ అతని పేరు ఎన్నిసార్లు పలికారో అన్నిసార్లూ నా పేరు పలకాల్సింది. కూర్చున్నాను. నీ చాపల పాకలో ఆడవాళ్ళలో ఒకామె గట్టిగా ముక్కు చీదింది. కార్నెట్‌ను బ్యాండు షెడ్డులో పెట్టి తాళం వేశారు. కానిస్టేబులు వచ్చి సొట్ట చూసి, తన పుస్తకంలో కొట్టేసుకున్నాడు.

కష్టమైంది శుక్రవారం.

క్షమాపణ అడిగే మన పద్ధతిలో పాత చాప నడుముకి కట్టుకుని, మెడలో ఆకుల దండ వేసుకుని పొద్దున్నే ఫిలిమోనె ఇంటి ముందు నేల మీద కూర్చున్నాను. కార్నెట్ ఎదురుగా పెట్టుకున్నాను. తల వంచుకునే ఉన్నాను గనుక కాళ్ళే కనబడ్డాయి. ఆనా కాళ్ళు గుమ్మం దాకా వచ్చి లోపలికి వెళ్ళిపోయాయి. ఫిలిమోనె కాళ్ళు నా పక్క నుంచే పొలానికి వెళ్ళాయి. ఆగలేదు.

కాసేపటికి ఇంకెవరో వచ్చి నేల మీద కూర్చున్నారు. ఆ పెరట్లోనే, నాకు చాలా దూరంగా, పనసచెట్టు అవతల. దగ్గు విని తెలిసింది, సెమిసి. వాడికి పదేళ్ళు నిండినప్పటి నుంచీ మేమిద్దరం ఒక గదిలో కూర్చోలేదు వీకా. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ దగ్గర పాటించే మర్యాద అది. నాన్న అంత్యక్రియల్లోనూ చెరో పక్కే. వాడూ చిరిగిన చాపే కట్టుకున్నాడు. నేను వాడివైపు చూడలేదు, వాడూ నావైపు చూడలేదు. ఎండ ఎక్కింది. అక్కడే ఉన్నాం.

మధ్యాహ్నం దాటాక ఫిలిమోనె తిరిగొచ్చాడు. పందులకు మేత వేశాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అప్పుడొచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజే తెలుసు అక్కా" అన్నాడు. పళ్ళ సందులోంచి మాట గాలిగా వచ్చింది. "భుజమ్మీద గుచ్చుకుంది. ఆ అంచు నాకు తెలీదా? పదేళ్ళు పక్కనే నిలబడ్డాను."

"చెప్పలేదేం?"

"ఇనోకె గారి కూతురు ఇనోకె గారిది తీసుకెళ్తోంది, నాకెందుకనుకున్నాను. తర్వాత చెబుదామంటే పంది తిన్నవాడి మాట. మీ మీద చెబితే ఇంకో రెండు పళ్ళు పోయేవి."

సెమిసి అక్కడి నుంచే తన తప్పు క్షమించమన్నాడు. నేనూ అడిగాను. ఫిలిమోనె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"క్షమించాననే అంటాను. అనకపోతే మీరు లేవరు, నా పందులకి దారి లేదు" అన్నాడు. "అది అన్నంత తేలిక కాదని మాత్రం తెలుసుకోండి. చర్చిలో నా పేరు శుభ్రం చెయ్యండి. మిగిలింది నేను చూసుకోవాలి."

నా మెడలో దండ తీసి పక్కన పెట్టాడు. తర్వాత కార్నెట్ చేతిలోకి తీసుకుని, "అక్కడ ఊదారా?" అని అడిగాడు.

ఒకసారి ఊదాను, చప్పుడు రాలేదని చెప్పాను.

"పెదవులు ఊరికే ఆనిస్తే రాదు. బిగించాలి, ఇలాగ" అని నోటికి పెట్టుకున్నాడు. నాన్న పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, మోచేతులు ఎత్తి. ఊదాడు. గాలి వచ్చింది, అంతే. మళ్ళీ ఊదాడు. ఉమ్మి కారింది. గుమ్మంలో ఆనా ఆపుకోలేక నవ్వింది. అతనూ నవ్వాడు. నాకూ, దూరంగా సెమిసికీ కూడా నవ్వొచ్చింది. మూడోసారి పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని, ఈసారి నెమ్మదిగా. మేమంతా నవ్వు ఆపేశాం.

ఏమీ రాలేదు. కార్నెట్‌ను నా ఒళ్ళో పెట్టి, లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎంతసేపు చూసినా రాలేదు. వెళ్ళాలో ఉండాలో తెలియలేదు. చీకటి పడబోతుండగా ఆనా లాంతరు తెచ్చి మెట్టు మీద పెట్టింది. రెండు పళ్ళేలలో చేమదుంప, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర తెచ్చి, ఒకటి నా ముందు పెట్టింది, ఒకటి చెట్టు అవతలికి తీసుకెళ్ళింది.

"తినండి వదినా" అంది నాతో. "ఆయన ఇప్పుడప్పుడే రాడు. పళ్ళు పోయినప్పట్నుంచీ రోజూ ఈ వేళకి ఇంతే."

తిన్నాను వీకా.

నీ
కలోలైనె